మందు అలవాటు లేదన్నారు, కల్లు గురించి నేను అడగలేదు: పర్ఫొరేషన్ ఆపరేషన్ తర్వాత విత్‌డ్రాయల్‌లోకి వెళ్ళిన పేషెంట్ కేస్ స్టడీ

ఈ కేసు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నా. పర్ఫొరేషన్ అంటే కడుపుకో పేగుకో చిల్లు పడటం, విత్‌డ్రాయల్ అంటే అలవాటైన మత్తు ఒక్కసారిగా ఆగితే ఒళ్ళు తట్టుకోలేక పడే అవస్థ. సర్జికల్ వార్డులో చేసే సిస్టర్స్‌కి, అందులోనూ తెలంగాణ జిల్లాల్లో పనిచేసేవాళ్ళకి పనికొస్తుందని నా నమ్మకం. పేషెంట్ పేరు, ఊరు రాయట్లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే పెట్టాను. ఇందులో నా తప్పు ఒకటుంది, అదీ రాశాను.

అడ్మిషన్

46 ఏళ్ళ మనిషి, తాపీ పని, బరువు 54 కేజీలు. నడుం నొప్పికి రెండు మూడేళ్ళుగా ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ గోళీలు తెచ్చుకుని వాడుతున్నాడు, పనికి పోయే తొందర్లో చాలాసార్లు ఖాళీ కడుపునే. ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకి బొడ్డు పైన పొడిచినట్టు నొప్పి మొదలైంది. పొద్దున ఆర్‌ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ చేశాడు, తగ్గలేదు, మధ్యాహ్నానికి పొట్టంతా పాకింది, సాయంత్రం 6కి ఆటోలో తీసుకొచ్చారు. ఆ రోజు నాది మధ్యాహ్నం డ్యూటీ, అడ్మిషన్ నేనే చూశాను.

పల్స్ 124, బీపీ 90/60, టెంపరేచర్ 100.4, శ్వాస నిమిషానికి 28, శాచురేషన్ 95. పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది, చెయ్యి వేయనివ్వట్లేదు, కాళ్ళు ముడుచుకుని కదలకుండా పడుకున్నాడు. ఇలా కదలకుండా పడుకునే పేషెంట్‌ని చూస్తే నాకు భయం. కిడ్నీలో రాయి ఉన్నవాడు మంచం మీద దొర్లుతాడు, పొట్ట లోపల చిల్లు పడ్డవాడు కదలడు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) కింద గాలి కనిపించింది, అంటే లోపల చిల్లు పడ్డట్టే. రెండు చేతులకీ 18 గేజ్ క్యాన్యులాలు (డ్రిప్ ఎక్కించే సూదిగొట్టాలు), ఆర్‌ఎల్ సెలైన్, రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం), ఫోలీస్ (యూరిన్ గొట్టం), యాంటిబయోటిక్ మొదటి డోసు, రక్తం శాంపిల్స్, కన్సెంట్ అన్నీ గంటలోపే అయిపోయాయి.

అలవాట్ల దగ్గరికొచ్చేసరికి షీటులో ఉన్నది ఉన్నట్టు అడిగేశాను. బీడీలు తాగుతాడా? రోజుకి ఒక కట్ట. మందు అలవాటుందా అక్కా? "లేదు సిస్టర్, మందు అసలే ముట్టడు" అని భార్య ఖచ్చితంగా చెప్పింది. ఆల్కహాల్ గడిలో 'నో' అని రాశాను. ఆమె అబద్ధం చెప్పలేదు, ఆ సంగతి నాకు ముప్పై గంటల తర్వాత అర్థమైంది.

ఆపరేషన్, మొదటి రోజు

రాత్రి తొమ్మిదిన్నరకి కేసు థియేటర్‌కి వెళ్ళింది. డుయోడినమ్ (కడుపు దాటగానే వచ్చే చిన్నపేగు మొదలు) మొదటి భాగంలో సుమారు అర సెంటీమీటర్ చిల్లు, పొట్టలో లీటరున్నర దాకా పైత్యం కలిసిన నీరు. గ్రాహం ప్యాచ్ వేశారు, అంటే ఒమెంటమ్ (పేగుల మీద కప్పినట్టుండే కొవ్వు పొర) ముక్కని చిల్లు మీద పెట్టి కుట్టడం, 1937లో గ్రాహం అనే సర్జన్ రాసిన పద్ధతి, ఆయన పేరుతోనే ఇప్పటికీ అందరూ పిలుస్తారు. పొట్టంతా కడిగి, లోపల చేరే నీరు బయటికి రావడానికి రెండు డ్రెయిన్లు (గొట్టాలు) పెట్టారు, ఒకటి కుడివైపు కాలేయం కింద, ఇంకోటి పెల్విస్‌లో.

పోస్ట్ ఆప్ ఆర్డర్లు మామూలువే. నోటికి ఏమీ వద్దు, రెండు గంటలకోసారి రైల్స్ ట్యూబ్ ఆస్పిరేషన్ (కడుపులోది లాగేయడం), ఆర్‌ఎల్, డీఎన్‌ఎస్ (గ్లూకోజ్ కలిపిన సెలైన్) మార్చి మార్చి, యాసిడ్ తగ్గడానికి పాంటాప్రజోల్, యాంటిబయోటిక్‌లు సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్, నొప్పికి పారాసిటమాల్ 1 గ్రాము, ట్రమడాల్ 50 ఎంజీ. ఈ ట్రమడాల్ సంగతీ డీఎన్‌ఎస్ సంగతీ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

సోమవారం పొద్దున, మధ్యాహ్నం డ్యూటీలు వేరే సిస్టర్స్ చేశారు. కేర్‌లో వంక పెట్టడానికి లేదు. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి పడుకోబెట్టారు, పొట్టకి దిండు అదిమిపెట్టుకుని దగ్గడం నేర్పారు, యూరిన్ గంటకి 40 ఎంఎల్ దాకా వస్తోంది, అతని బరువుకి గంటకి 27 తగ్గకపోతే చాలు. డ్రెయిన్‌లో వచ్చేది పలచగా, లేత ఎరుపులో ఉంది, పచ్చగా లేదు. అంటే ప్యాచ్ లీక్ అవుతున్నట్టు లేదు.

తర్వాత ఫైల్ తిరగేస్తే మాత్రం నాకు గుండె ఝల్లుమంది. పొద్దున షిఫ్టులో 'రాత్రి నిద్ర పట్టలేదన్నాడు' అని ఒక లైన్. మధ్యాహ్నం 'చేతులు వణుకుతున్నాయి, చలిగా ఉందేమో, దుప్పటి ఇచ్చాం' అని ఒక లైన్. సాయంత్రం 'చెమటలు, నొప్పి వల్ల, ట్రమడాల్ ఇచ్చాం' అని ఇంకో లైన్. పల్స్ ఆపరేషన్ తర్వాత 104కి దిగింది, సాయంత్రానికి మళ్ళీ 118. ముగ్గురు మూడు చోట్ల మూడు కారణాలు రాశారు, ఒక్కోటి విడిగా చూస్తే తప్పు కూడా కాదు, ఈ నాలుగు లైన్లూ ఒకే కాగితం మీద పక్కపక్కన ఎవరూ చూడలేదంతే. నేను కూడా నైట్ డ్యూటీకొచ్చి హ్యాండోవర్ తీసుకున్నప్పుడు ఇన్‌టేక్, అవుట్‌పుట్, డ్రెయిన్, డ్రెస్సింగ్ అడిగాను గానీ మనిషి ఎలా ఉన్నాడని అడగలేదు.

మంగళవారం తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలు

ఆ రాత్రి 34 మంది పేషెంట్లకి మేం ఇద్దరం. అవతలి బెడ్ దగ్గర డ్రిప్ మారుస్తుంటే ఈయన భార్య పరుగెత్తుకొచ్చింది. వెళ్ళి చూస్తే మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు, రైల్స్ ట్యూబ్ పీకేశాడు, ఎడమ చేతి క్యాన్యులా పోయి దుప్పటి మీద రక్తం, కుడి చెయ్యి డ్రెయిన్ ట్యూబ్ మీద ఉంది. దుప్పటి మీద నుంచి ఏదో ఏరి పక్కన పారేస్తున్నాడు. "ఏమన్నా ఏరుతున్నవ్?" అంటే "చీమలు... గండుచీమలు, గోడ నిండ నిండినయి, కనవడ్తలేవా" అన్నాడు. నన్ను ఎవరనుకున్నాడో "సిమెంటు తడిపినవా లేదా" అని గదమాయించాడు. ముఖం, మెడ, ఛాతీ చెమటతో తడిసి ముద్దయ్యాయి, బనీను పిండితే నీళ్ళొచ్చేలా ఉంది.

బావమరిది అప్పటికే టవల్‌తో చేతులు మంచానికి కట్టడానికి చూస్తున్నాడు. వద్దన్నాను. మధ్యగీత మీద అంత పొడవు కోత ఉన్న మనిషిని కట్టేస్తే విడిపించుకోవడానికి ఇంకా ముక్కుతాడు, పొట్టలో ప్రెషర్ పెరుగుతుంది, కుట్లు తెగి పేగులు బయటికొచ్చే ప్రమాదం అక్కడే ఉంది. డ్రెయిన్ మీదున్న చేతిలో నా చెయ్యి పెట్టాను, అతను నా చెయ్యి పట్టుకున్నాడు, డ్రెయిన్ వదిలేశాడు. చేతికి పట్టుకోవడానికి ఇంకోటి దొరికితే ట్యూబ్ వదిలేస్తారు, ఇది నాకు మా సీనియర్ సిస్టర్ నేర్పిన కిటుకు.

ఆపరేషన్ అయిన మనిషి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే 'ఐసీయూ సైకోసిస్' అనో 'మత్తు దిగలేదు' అనో వదిలేయకూడదు. ముందు ప్రాణం తీసేవి చూసుకోవాలి. శాచురేషన్ 96, ఆక్సిజన్ సమస్య కాదు. జీఆర్‌బీఎస్ 112, షుగర్ పడిపోలేదు. ఫోలీస్ మడతపడలేదు, యూరిన్ వస్తోంది, బ్లాడర్ ఉబ్బలేదు. ఇక పెద్ద భయం ప్యాచ్ లీకై సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకడం) వచ్చిందేమోనని. టెంపరేచర్ 99.2, డ్రెయిన్‌లో పచ్చదనం లేదు, పొట్ట కోత చుట్టూ నొప్పి తప్ప మెత్తగానే ఉంది. పల్స్ 128, బీపీ 164/100.

ఆ బీపీ దగ్గర నా చెయ్యి ఆగింది. సెప్సిస్ ముదిరితే బీపీ దిగాలి, ఇది ఎక్కింది. కనుపాపలు పెద్దవయ్యాయి, చేతులు ముందుకి చాపమంటే వేళ్ళు టపటపా కొట్టుకుంటున్నాయి. పల్స్, బీపీ, చెమట, వణుకు, లేనివి కనిపించడం, అన్నీ కలిపితే నాకు తట్టింది ఒక్కటే. వాళ్ళావిడని కొంచెం పక్కకి తీసుకెళ్ళి అడిగాను.

"అక్కా, నిజం చెప్పు, నేను ఎవరికీ చెప్పను, మందు తాగుతడా?"

"నా పిల్లల మీదొట్టు సిస్టరమ్మా, మందు ముట్టడు."

"మరి కల్లు?"

"కల్లు తాగుతడు. కల్లు మందెట్లయితది?"

"రోజుకెన్ని సీసాలు?"

"పొద్దుగాల రెండు, పని కాడికెళ్ళి అచ్చినంక మూడు, ఒక్కోపారి నాలుగు. ఒక్క పూట తాగకుంటె చేతులు వణుకుతయి, నిద్ర పట్టది."

"చెట్టు కల్లా, దుకాణం కల్లా?"

"చెట్టు కల్లు మాకేడ దొర్కుతది, దుకాణందే."

ఆఖరిసారి తాగింది శనివారం సాయంత్రం 7 గంటలకి. లెక్క వేస్తే 55 గంటలు.

దుకాణం కల్లు ఎందుకు వేరు

మన దగ్గర పనిచేసేవాళ్ళకి ఇది తెలియాలి. చెట్టు నుంచి దించిన తాటికల్లు, ఈతకల్లులో ఉండేది తక్కువ శాతం ఆల్కహాలే. దుకాణాల్లో అమ్మే కల్తీ కల్లులో మత్తు కోసం ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. అంటే రోజుకి ఐదారు సీసాలు తాగే మనిషి తనకి తెలియకుండానే ఏళ్ళ తరబడి నిద్రమాత్రల మందు మింగుతున్నట్టు లెక్క. ఒక్కసారిగా ఆగితే ఒకటి నుంచి మూడు రోజుల్లో వణుకు, భ్రమలు, ఫిట్స్ రావచ్చు. 2015 సెప్టెంబర్‌లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో జనం పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకి వరస కట్టారు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది.

మన ఇళ్ళల్లో కల్లుని ఎవరూ మందుతో కలిపి చూడరు. పోచమ్మకి, ఎల్లమ్మకి సాక పోసేది కల్లే, చుట్టాలొస్తే తెప్పించేది కల్లే, ఆడవాళ్ళూ తాగుతారు, ఒంటికి చలువ అంటారు. మందు అంటే బ్రాందీ, విస్కీ, బీరు. కాబట్టి "మందు తాగుతాడా" అన్న ప్రశ్నకి ఆమె ఇచ్చిన జవాబు నూటికి నూరుపాళ్ళు నిజం, ప్రశ్నే తప్పు, అది అడిగింది నేను.

డాక్టర్‌కి ఫోన్

డ్యూటీ డాక్టర్ వేరే ఎమర్జెన్సీలో ఉన్నారు. గొడవ చేస్తున్నాడని వినగానే ఫోన్‌లోనే "సెరెనేస్ 5 ఎంజీ ఇవ్వండి సిస్టర్" అన్నారు, అంటే హాలోపెరిడాల్, గొడవ చేసే పేషెంట్‌ని శాంతపరిచే ఇంజెక్షన్. రాత్రి రెండింటికి ఎవరైనా మొదట చెప్పేది అదే, ఆయన తప్పని అనను. నేను మొత్తం ఒక వరసలో చెప్పాను: సార్, పర్ఫొరేషన్ ఆపరేషన్ రెండో రోజు, ఉన్నట్టుండి కన్‌ఫ్యూజన్, శాచురేషన్, షుగర్ బాగున్నాయి, డ్రెయిన్ క్లియర్, బీపీ 164/100, పల్స్ 128, వణుకు, చెమట, చీమలు కనిపిస్తున్నాయంటున్నాడు, రోజుకి ఐదారు సీసాల కల్లు, ఆగి 55 గంటలైంది, నాకు విత్‌డ్రాయల్ అనిపిస్తోంది, సెరెనేస్‌తో ఫిట్స్ వస్తాయేమోనని భయంగా ఉంది, ట్రమడాల్ కూడా నడుస్తోంది, మీరొకసారి వచ్చి చూస్తారా. ఒక్క క్షణం ఆగి "వస్తున్నా, సెరెనేస్ వద్దు" అన్నారు. పది నిమిషాల్లో వచ్చారు.

హాలోపెరిడాల్ ఫిట్స్ వచ్చే హద్దుని కిందకి దించుతుంది, విత్‌డ్రాయల్‌లో అదొక్కటే ఇస్తే అసలు సమస్య అలాగే ఉంటుంది. ట్రమడాల్ కూడా అంతే, మామూలు పేషెంట్‌కి మంచి పెయిన్‌కిల్లరే, ఇలాంటి మనిషికి ఫిట్స్ ప్రమాదం పెంచుతుంది. అది వెంటనే ఆపించాం, పారాసిటమాల్ కొనసాగించాం, నొప్పి ఎక్కువైతే ఏమివ్వాలో అనస్థీషియా వాళ్ళని అడిగి ఆర్డర్ రాశారు.

సీవా స్కోర్ (విత్‌డ్రాయల్ ఎంత తీవ్రంగా ఉందో లెక్కేసే పట్టిక, అంకె పెరిగేకొద్దీ తీవ్రం) వేస్తే 24 వచ్చింది. అది ఆల్కహాల్ విత్‌డ్రాయల్ కోసం చేసింది, కల్తీ కల్లుకి అతికినట్టు సరిపోదు, కానీ గంట గంటకీ ఒకే కొలబద్దతో కొలవడానికి పనికొస్తుంది. లోరజిపాం (ఆల్ప్రజోలం, డయాజిపాం జాతి మందే) 2 ఎంజీ ఇవ్వమన్నారు. ఫ్రిజ్‌లోంచి తీసి, అంతే పరిమాణం సెలైన్ కలిపి, నిమిషానికి 2 ఎంజీ దాటకుండా మెల్లగా ఇచ్చాను. పక్కన ఆంబు బ్యాగ్ (చేత్తో ఊపిరి అందించే బ్యాగ్), సక్షన్, ఆక్సిజన్ పెట్టుకున్నాకే సిరంజి పట్టుకున్నా. ఇరవై నిమిషాలకి స్కోర్ 19, మళ్ళీ 2 ఎంజీ. మూడున్నరకి 11కి దిగింది, కళ్ళు మూసుకున్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు, శ్వాస 18. ఎక్కువ మత్తు పడితే విరుగుడు ఫ్లూమజెనిల్ ఉందిగా అని ఎవరైనా అనుకోవచ్చు, ఈ అలవాటున్నవాళ్ళకి అది ఇస్తే ఫిట్స్ తెప్పించవచ్చు, అందుకే మన ధ్యాస ముందు నుంచీ శ్వాస మీదే ఉండాలి.

ఇంకోటి థయామిన్, అంటే విటమిన్ బి1. ఆపరేషన్ అయినప్పటి నుంచి డీఎన్‌ఎస్ వెళ్తోంది, అంటే డెక్స్ట్రోజ్. తాగుడు అలవాటు ఉండి సరిగా తినని మనిషికి థయామిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. థయామిన్ 200 ఎంజీ 100 ఎంఎల్ సెలైన్‌లో కలిపి మొదలుపెట్టాం, ఎనిమిది గంటలకోసారి. పొద్దున వచ్చిన రిపోర్టులో పొటాషియం 3.1, రైల్స్ ట్యూబ్‌లో పోయిందీ చెమటలో పోయిందీ కలిపి. కేసీఎల్ (పొటాషియం మందు) డ్రిప్‌లో కలిపి మెల్లగా ఎక్కించాం, మళ్ళీ 3.8కి వచ్చేదాకా రోజూ చూశాం.

రైల్స్ ట్యూబ్ మళ్ళీ నేను వేయలేదు. మామూలుగా అయితే పీకేస్తే వేసేస్తాం, అలవాటైన పనే, కానీ ప్యాచ్ వేసి 28 గంటలే అయింది, గుడ్డిగా తోస్తే కుట్టు వేసిన చోట తగలొచ్చు. పై పొట్టలో కడుపుకీ పేగుకీ జరిగిన ఆపరేషన్ల తర్వాత ట్యూబ్ ఊడితే సర్జన్ చెప్పకుండా ముట్టుకోవద్దు. పొద్దున సర్జన్ చూసి, పొట్ట ఉబ్బలేదు, ఆస్పిరేట్ కూడా తగ్గుతోంది, వద్దులెమ్మన్నారు.

ఆ తర్వాతి మూడు రోజులు

నర్సింగ్ స్టేషన్‌కి ఎదురుగా ఉన్న బెడ్‌కి మార్చాం. రాత్రి ఒక లైట్ ఆర్పకుండా ఉంచాం, చీకట్లో భ్రమలు ఎక్కువవుతాయి. వీలైనంతవరకు అవే ముఖాలు కనిపించేలా నా నైట్లు నేను, పగలు ఒకే సిస్టర్ చూశాం. వెళ్ళిన ప్రతిసారీ "అన్నా, నువ్వు ఆసుపత్రిలో ఉన్నవ్, కడుపు ఆపరేషన్ అయింది, ఈ రోజు బుధవారం" అని చెప్పడమే. చీమలు లేవని వాదించలేదు, ఉన్నాయని కూడా అనలేదు, "నాకు కనిపించట్లేదు, నీకు భయమైతే నేనిక్కడే ఉంటా" అన్నాను. డ్రెయిన్ ట్యూబులు అబ్డామినల్ బైండర్ (పొట్టకి కట్టే పట్టీ) కిందుగా తీసి పక్కన బిగించాం, చేతికి అందకుండా. క్యాన్యులా మోచేతి కింద పెట్టి రోలర్ బ్యాండేజ్ చుట్టాం.

లోరజిపాం వల్ల మత్తుగా ఉంటే లోతుగా ఊపిరి తీసుకోడు, పై పొట్ట కోత ఎలాగూ ఊపిరిని ఆపుతుంది, ఊపిరితిత్తుల కింది భాగం మూసుకుపోయి న్యుమోనియా వస్తుందన్నది నా బెంగ. మెలకువగా ఉన్న గంటల్లో రెండేసి గంటలకి స్పైరోమీటర్‌తో ఊపిరి లోతుగా పీల్పించడం, కూర్చోబెట్టడం, వీపు తట్టడం చేశాం. మందు డోసు ఇచ్చిన గంటలోపు మాత్రం లేపి నడిపించలేదు, పడిపోతే అదొకటి.

బుధవారం సాయంత్రం బావమరిది దిండు గలీబులో ఒక సీసా దాచి తెచ్చాడు. "ఒక్కటి తాగితె సెట్ అయితడు సిస్టర్, మాకెరుకే" అన్నాడు. వాళ్ళ అనుభవంలో అది నిజమే, తాగితే వణుకు ఆగుతుంది. అందుకే తిట్టలేదు. కడుపులో కుట్టు ఇంకా పచ్చిగా ఉంది, చుక్క నీళ్ళే ఇవ్వట్లేదు, పైగా మేమిచ్చే సూదిమందూ ఇదీ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగుతుంది, అని చెయ్యి పట్టుకుని చెప్పాను. సీసా తీసుకెళ్ళి పారబోసి వచ్చాడు.

అదే రోజు ఇంకోటి గమనించాను. భార్యకి మందుల చీటీ ఇస్తుంటే కాగితం గలగలమంటోంది, ఆమె వేళ్ళు అలా వణుకుతున్నాయి. మూడు రోజులుగా నిద్రలేదు, భయపడింది పాపం అనుకుంటూ వచ్చాను. "అక్కా, నువ్వు గూడ తాగుతవా?" అన్నాను. తల దించుకుంది. సాయంత్రం ఒక్క సీసానట, శనివారం నుంచి లేదు. పల్స్ 110. ఆమెకీ ఓపీ చీటీ రాయించి మెడిసిన్ వాళ్ళకి చూపించాం, మాత్రలు ఇచ్చి రోజూ చూశారు. అటెండెంట్‌కి కేస్ షీట్ ఉండదు, వైటల్స్ ఎవరూ చూడరు, మంచం కింద పడుకునే మనిషి కూడా పేషెంటే కావచ్చని ఆ రోజు దాకా నాకూ తట్టలేదు.

నాలుగో రోజుకి చీమలు పోయాయి. పేగులు కదిలాయి, గ్యాస్ పోయింది, నీళ్ళు, ఆ మరుసటి రోజు జావ. నోటికి మొదలయ్యాక సైకియాట్రీ మేడం లోరజిపాం సూదులు ఆపి డయాజిపాం మాత్రలకి మార్చారు, తగ్గించే పద్ధతి రాశారు. ఆరో రోజు కోత కింది చివర డ్రెస్సింగ్ తడిసింది. గులాబీ రంగు నీరు కారితే పొట్ట తెరుచుకోబోతోందని అనుమానించాలి కాబట్టి వెంటనే సర్జన్‌ని పిలిచాను, అదృష్టం, చర్మం కింద చీము పట్టిందంతే, రెండు కుట్లు తీసి రోజూ డ్రెస్సింగ్‌తో మానింది.

డిశ్చార్జ్

పదకొండో రోజు పంపించాం. హెచ్ పైలోరి (కడుపులో పుండు చేసే బ్యాక్టీరియా) మందుల కోర్సు ఇచ్చాం, చిల్లుకి దారితీసే ఈ నొప్పి గోళీలు ఇక జన్మలో వద్దని ఖాళీ స్ట్రిప్ చూపించి మరీ చెప్పాను, ఆర్‌ఎంపీకి చూపించమని డైక్లోఫెనాక్ పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాసిచ్చాను. డయాజిపాం మాత్రలు భార్య దగ్గరే ఉండాలి, వారం వారం తగ్గాలి, ఒక్కసారిగా ఆపకూడదు. ఫోన్‌లో రెండు నంబర్లు సేవ్ చేయించాను, డీఅడిక్షన్‌కి 14446, మనసు బాగోకపోతే టెలీమానస్ 14416.

అప్పటి నుంచి అడ్మిషన్ షీటులో ఆల్కహాల్ గడి కింద పెన్నుతో ఇంకో లైన్ గీస్తున్నాను: కల్లు ఉందా, చెట్టుదా దుకాణందా, రోజుకెన్ని సీసాలు, ఆఖరిసారి ఏ రోజు ఎన్ని గంటలకి. ఆడ పేషెంట్లనీ అడుగుతున్నాను. మొదటి నెలలోనే నలుగురు దొరికారు, అందులో ఒకామె హెర్నియా ఆపరేషన్‌కి వచ్చిన ముసలమ్మ, ఆమెకి ఆపరేషన్ వాయిదా వేసి ముందు మాత్రలు మొదలుపెట్టారు.

తాపీ మేస్త్రీ ఆరు వారాలకి చెకప్‌కి వచ్చాడు. మూడు కేజీలు పెరిగాడు, డయాజిపాం రాత్రి 5 ఎంజీకి వచ్చింది. మధ్యలో ఒకసారి దుకాణం దాకా వెళ్ళి వచ్చానని తనే చెప్పాడు, తాగలేదట. వాళ్ళావిడ మాత్రం వారానికోసారి తాగుతున్నానని మెల్లగా నా చెవిలో చెప్పింది, ఆమె ఫాలోఅప్ డేట్ కూడా అదే చీటీ మీద రాసి పంపాను.